కొండ దిగి ఇల్లు కట్టుకున్న మౌనం

మౌనసభల చరిత్ర: ఆరో భాగం

గత భాగంలో జార్జ్ ఫాక్స్‌ని పెండిల్ కొండ మీద వదిలిపెట్టాం. నేతగాడి కొడుకు, చెప్పులు కుట్టే పని నేర్చుకున్నవాడు, పంతొమ్మిదో ఏట ఇల్లు విడిచి ఊళ్లు పట్టుకు తిరిగినవాడు. దేవుడితో మాట్లాడటానికి మధ్యలో పాదిరీ అక్కర్లేదని, ప్రతి మనిషి లోపలా ఒక వెలుగు ఉందని చెప్పి డెర్బీ జైల్లో ఏడాది పాటు మగ్గాడు. దేవుడి మాటకు వణకమని చెప్పినందుకు అక్కడి న్యాయాధికారి అతన్నీ అతని వెంట ఉన్నవాళ్లనీ ‘క్వేకర్లు’, వణికేవాళ్లు, అని ఎగతాళి చేశాడు. ఆ పేరే నిలిచిపోయింది. 1652లో పెండిల్ శిఖరం ఎక్కి చూసినప్పుడు, ఉత్తరాన ఎక్కడో తన మాట కోసం పెద్ద జనం ఎదురుచూస్తున్నట్టు ఫాక్స్‌కి తోచింది.

ఈ వారం ఆ జనం దగ్గరికి వెళ్తున్నాం. ఆ జనం ఇరవై రెండేళ్ల తరువాత మొదలుపెట్టి కట్టుకున్న ఒక ఇంటి దగ్గరికి కూడా. ప్రవక్తల కథలు కొండ మీది ప్రసంగంతోనే రక్తి కడతాయి. కానీ అక్కడ విన్న మాట తరాల పాటు నిలవాలంటే దానికి ఒక కప్పు కావాలి, కూర్చోవడానికి బల్లలు కావాలి, నిర్ణయాలు రాసుకునే పుస్తకం కావాలి. వానకు కప్పు కారితే నిచ్చెన వేసుకుని ఎక్కే మనుషులు కావాలి. ఈ కథలో నా మనసు ఫాక్స్ కన్నా ఆ నిచ్చెన ఎక్కినవాళ్ల మీదికే ఎక్కువగా పోతుంది.

సెడ్‌బర్ ఇంగ్లండ్ వాయవ్యాన, హౌగిల్ కొండల పాదం దగ్గర ఉన్న చిన్న ఊరు. ఇప్పుడు కంబ్రియాలో ఉంది, అప్పట్లో యార్క్‌షైర్ పడమటి అంచు. గొర్రెలు, ఉన్ని, అవిసె నార, చేతిమగ్గం, ఇవే బతుకు. పక్కనే ఉన్న డెంట్ లోయలో ఆడా మగా పిల్లలూ ఖాళీ దొరికితే చాలు, దారిన నడుస్తూ కూడా మేజోళ్లు అల్లేవాళ్లని పేరు. కమతాలు చిన్నవి. తాతల నుంచి సాగుచేస్తున్న భూమే అయినా, రైతు పోయి కొడుకు చేతికి వచ్చినప్పుడో, భూస్వామి మారినప్పుడో రుసుము కట్టాలి. ఆ రుసుము ఎంతన్నది ఎప్పుడూ తగవే.

దాని మీద చర్చి పన్ను. పండిన ధాన్యంలో పదో వంతు, కత్తిరించిన ఉన్నిలో పదో వంతు, పుట్టిన గొర్రెపిల్లల్లో పదో వంతు. చాలాచోట్ల ఈ వసూలు హక్కు చర్చి చేయి దాటి భూస్వాముల చేతిలో పడింది. అంటే దేవుడి పేరు చెప్పి తీసుకున్న గొర్రెపిల్ల దొరగారి దొడ్లో పెరిగేది.

అంతర్యుద్ధం ముగిసింది. 1649 జనవరిలో చార్లెస్ రాజు తల తెగింది. బిషప్పులు పోయారు, పాత ప్రార్థన పుస్తకం పోయింది. పదో వంతు మాత్రం పోలేదు. పార్లమెంటు పక్షాన యుద్ధం చేసి ఇంటికొచ్చిన రైతుబిడ్డకి ఇది ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. ఏ చర్చిలోనూ మనసు నిలవని వాళ్లు ఆ లోయల్లో గుంపులుగా కూడేవాళ్లు. ‘సీకర్లు’ అని వాళ్ల పేరు, అంటే వెతుక్కునేవాళ్లు. పాట లేకుండా, పూజ లేకుండా, ఎవరికైనా ఏదైనా తోస్తే చెబుతారని ఒకచోట ఊరికే కూర్చునేవాళ్లు. మౌనం ఫాక్స్ తెచ్చిపెట్టింది కాదు. అతను వచ్చేసరికే అక్కడ ఉంది.

సెడ్‌బర్‌కి మైలు పైచిలుకు దూరంలో, రాథీ నది వంపులో బ్రిగ్‌ఫ్లాట్స్ అనే పల్లె ఉంది. నార నేతగాళ్ల పల్లె. 1652 జూన్‌లో ఫాక్స్ అక్కడ రిచర్డ్ రాబిన్‌సన్ ఇంట్లో దిగాడు. ఆ బుధవారం సెడ్‌బర్‌లో సంత. పాలేళ్లు, పనికత్తెలు జీతానికి కుదురుకునే సంత అది. చుట్టుపక్కల పడుచువాళ్లంతా అక్కడే ఉంటారు. ఫాక్స్ సంతలో తిరుగుతూ మాట్లాడి, చర్చి ఆవరణలోకి వెళ్లి చెట్టు కింద నిలబడ్డాడు. గుడి పక్కనే ఉండగా బయట నిలబడి మాట్లాడటమేమిటని ఒక సైనికాధికారి నిలదీశాడు. ఫాక్స్ దృష్టిలో అది రాళ్ల కట్టడం, సంఘమంటే మనుషులు. సీకర్లలో పేరున్న ప్రసంగీకుడు ఫ్రాన్సిస్ హౌగిల్ ఆ గుంపులో ఉన్నాడు. అంతకు ముందు ఫాక్స్‌ని చూసి ఎరగడు. అయినా ఆ అధికారికి అతనే జవాబిచ్చాడు.

ఆదివారం, జూన్ 13న, ఫర్‌బ్యాంక్ కొండ మీది చిన్న చర్చిలో పొద్దున హౌగిల్, జాన్ ఆడ్‌లండ్ ప్రసంగించారు. ఫాక్స్ లోపలికి వెళ్లలేదు. మధ్యాహ్నం జనం భోజనాలకు వెళ్తే, అతను వాగులో నీళ్లు తాగి కొండ అంచున బండ మీద కూర్చున్నాడు. జనం తిరిగొచ్చారు. అతని లెక్కలో వెయ్యి మందికి పైనే. మూడు గంటల పాటు మాట్లాడాడు. కొందరు ముసలివాళ్లు మాత్రం చర్చిలోకి వెళ్లి కిటికీల్లోంచి తొంగిచూశారట. గుడి ఉండగా కొండ మీద మాట్లాడటం వాళ్లకి వింతగా తోచిందని ఫాక్స్ తన జీవితకథలో చెప్పాడు. చరిత్ర పుస్తకాలు ఆ వెయ్యి మందినే లెక్కపెడతాయి. ఆ కిటికీ వెనక ముసలివాళ్లని మరిచిపోకుండా చెప్పినందుకు ఫాక్స్ మీద నాకు గౌరవం పెరిగింది.

రెండేళ్లు తిరిగేసరికి ఈ లోయల రైతులు, నేతగాళ్లు, పనికత్తెలు ఇద్దరిద్దరుగా దక్షిణానికి నడిచారు. హౌగిల్, ఎడ్వర్డ్ బరో లండన్ వెళ్లారు. ఆడ్‌లండ్, జాన్ క్యామ్ బ్రిస్టల్ వెళ్లారు. క్యామ్ ఇంట్లో పనిచేసే డొరొతీ వా అనే అమ్మాయి కార్లయిల్ బజారులో ప్రసంగించింది. మేయర్ ఆమె తలకి ఇనప కళ్లెం బిగించి నాలుక కదలకుండా చేయించాడు. ఆమె ఆగలేదు, తరువాత అట్లాంటిక్ దాటి అమెరికా చేరింది.

ఇంత కోపం ఎందుకు వచ్చింది? క్వేకర్లు కత్తి పట్టలేదు. వాళ్లు చేసినవన్నీ చూడటానికి చిన్న పనులే. గొప్పవాళ్ల ముందు టోపీ తీయలేదు. మన పల్లెల్లో దొర ఎదురైతే భుజం మీది కండువా తీసి నడుముకు చుట్టుకోవాల్సిన రోజులు ఎరిగినవాళ్లకి ఆ టోపీ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. న్యాయమూర్తినైనా రాజునైనా ఏకవచనంతోనే పిలిచారు. పదో వంతు కట్టలేదు. కోర్టులో ప్రమాణం చేయలేదు. ఎప్పుడూ నిజమే చెప్పేవాడికి ప్రమాణం దేనికన్నది వాళ్ల వాదన. పాదిరీకి తన జీతం పోతుందని భయం, భూస్వామికి తన మర్యాద పోతుందని కోపం. రాజుకి తిరుగుబాటు భయం. బాప్టిస్టులు, ఇండిపెండెంట్లు లాంటి మిగతా శాఖలకి తమ మంద చెదిరిపోతోందని కడుపుమంట. తమలో తాము కొట్టుకునే ఇన్ని పక్షాలు క్వేకర్ల విషయంలో మాత్రం ఒక్కటయ్యాయి.

1660లో రాచరికం తిరిగొచ్చింది. 1662లో క్వేకర్ల మీదే ప్రత్యేకంగా చట్టం తెచ్చారు. 1664లో ఇంకొకటి: ఇంటివాళ్లు కాక బయటివాళ్లు ఐదుగురు కలిసి ప్రభుత్వ చర్చి పద్ధతిలో కాని ప్రార్థన చేస్తే నేరం. మూడోసారి దొరికితే దేశం దాటించవచ్చు. 1670 చట్టం వీటన్నిటికన్నా టక్కరిది. హాజరైనవాడికి మొదటిసారి ఐదు షిల్లింగులు, తరువాత పది. ప్రసంగించినవాడికీ ఇల్లిచ్చినవాడికీ ఇరవై పౌన్లు. వసూలైన దాంట్లో మూడో వంతు సమాచారం అందించినవాడిది. అంటే ఇరుగుపొరుగుని పట్టిచ్చి బతకడం ఒక వృత్తి అయింది. జరిమానా కట్టనివాళ్ల ఇంట్లోంచి ఆవును, మగ్గాన్ని, వంటగిన్నెల్ని, పరుపుల్ని పట్టుకుపోయారు. వేలమందిని జైళ్లలో కుక్కారు, వందలమంది అక్కడే చచ్చిపోయారు. ముప్పై నిండకుండానే బరో న్యూగేట్ జైల్లో పోయాడు. ఫర్‌బ్యాంక్ రోజున చర్చిలో ప్రసంగించిన ఇద్దరిలో ఆడ్‌లండ్ 1664లో జబ్బుతో పోయాడు. రాజభక్తి ప్రమాణం చేయనన్న హౌగిల్ ఐదేళ్లు జైల్లో ఉండి, 1669లో ఆపిల్‌బీలో, ఆ జైల్లోనే కన్నుమూశాడు. లండన్‌లో రాట్‌క్లిఫ్, హార్స్‌లీడౌన్ క్వేకర్లు కూడే మీటింగ్ హౌస్‌లని 1670లో సైనికులు కూలగొట్టారు. క్వేకర్లు ఆ శిథిలాల మధ్యనే కూర్చుని సభ జరుపుకున్నారు.

1670 చట్టం ఇంకా కోరలతో ఉన్నప్పుడే, 1674లో, బ్రిగ్‌ఫ్లాట్స్ క్వేకర్లు స్థలం సంపాదించి మీటింగ్ హౌస్ కట్టడం మొదలుపెట్టారు.

వాళ్లకి అప్పటికే ఒక శ్మశానం ఉంది. 1656లోనే ఆ జాగా తీసుకున్నారు. పాదిరీ తంతు వద్దన్నవాళ్లు ఊరి శ్మశానంలోకి ఏ ముఖంతో వెళ్తారు? అందుకని బతికున్నవాళ్లు ఇళ్లలో, కొట్టాల్లో కూడుతుండగానే, పోయినవాళ్లకి ముందు చోటు చూశారు. ఇప్పుడు బతికున్నవాళ్ల వంతు. రాయి లోయలోదే, చేతులూ వాళ్లవే. ఎంత దగ్గరగా వెళ్లి చూసినా అది గుడిలా కనబడదు. తెల్ల సున్నం కొట్టిన గోడలు, రాతి పలకల కప్పు, రాతి నిలువుకమ్ముల కిటికీలు, ముందుకు పొడుచుకొచ్చిన వాకిలి. కాస్త కలిగిన రైతు ఇల్లు అనుకుంటాం. గోపురం లేదు, గంట లేదు, శిలువ లేదు. ద్వారం పైన రాతి మీద 1675 అని ఏడాది చెక్కి ఉంది.

ఆ అంకెలు నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. నిషేధం ఉన్న రోజుల్లో కట్టిన ఇంటికి ఎవరైనా తేదీ వేసుకుంటారా? దాక్కోవాలనుకున్నవాళ్లు వేసుకోరు. పట్టిస్తే డబ్బొచ్చే కాలంలో, ఏటి ఒడ్డున పగలే గోడలు లేపి, ఫలానా ఏడాది మేం దీన్ని కట్టాం అని రాతి మీద రాసుకున్నారు. చట్టాన్ని అంత నిదానంగా ధిక్కరించిన తీరు ఆ కాలపు కరపత్రాల్లో నేను చూడలేదు.

ఇది పట్టుదలే తప్ప ఆవేశం కాదనడానికి ఆ పక్క ఊళ్లలోనే చెలరేగిన గొడవ సాక్ష్యం. జాన్ స్టోరీ, జాన్ విల్కిన్‌సన్ అనే ఇద్దరు 1652 నాటి తొలితరం ప్రచారకులు, ఈ కొండల మనుషులే. 1670లలో వాళ్లు ఫాక్స్‌కి ఎదురు తిరిగారు. ఆత్మ చెప్పినట్టు నడుస్తామని బయల్దేరినవాళ్లకి నెలవారీ సభలు, త్రైమాసిక సభలు, రాతకోతలు, పెద్దల అజమాయిషీ ఏమిటని అడిగారు. ఆడవాళ్లకి వేరే పాలనా సభలు పెట్టడం కూడా వాళ్లకి నచ్చలేదు. వాళ్ల మీద ఫాక్స్ పక్షం నుంచి వచ్చిన ఆరోపణల్లో ఒకటి, దాడులు ముమ్మరంగా ఉన్నప్పుడు ప్రెస్టన్ ప్యాట్రిక్‌లో వాళ్లవాళ్లు చాటుమాటు చోట్ల రహస్యంగా కూడారన్నది. దాక్కోవచ్చా, కూడదా? ఆవునీ మగ్గాన్నీ పోగొట్టుకున్న రైతుకి అది ధర్మశాస్త్ర చర్చ కాదు, రేపటి తిండి ప్రశ్న. స్టోరీ పక్షం భయస్తులని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. వ్యవస్థ పెరిగితే వెలుగు చిన్నబోతుందన్న వాళ్ల అనుమానంలో నిజం ఉంది. 1676 ఏప్రిల్‌లో సెడ్‌బర్ దగ్గరే, డ్రావెల్ అనే పొలం ఇంట్లో, రెండు పక్షాలనీ కూర్చోబెట్టి నాలుగు రోజులు మాట్లాడారు. రాజీ నిలవలేదు, చీలిక వచ్చింది. బ్రిగ్‌ఫ్లాట్స్ కొత్త తలుపులకి ఇంకా చెక్క వాసన పోని రోజులవి.

ఇక లోపలికి వెళ్దాం. మొదట్లో అది మట్టి నేల. పైన అటక కూడా లేదు, తల ఎత్తితే కప్పు పలకలే. 18వ శతాబ్దం మొదట్లో మూడు వైపులా చెక్క గ్యాలరీలు కట్టారు. నున్నగా తరిమెన పట్టిన ఓక్ కమ్మీలు, చేతులు ఆనీ ఆనీ నిగ్గుదేలిన పిట్టగోడ. పాదిరీ పీఠం ఉండాల్సిన చోట పెద్దలు కూర్చునే ఒక ఎత్తు బల్ల, అంతే. మెట్ల అడుగున నడుం ఎత్తున చెక్కతో కట్టిన చిన్న దడి ఉంది. కొండల మీంచి వచ్చే కాపరుల వెంట కుక్కలు వచ్చేవి. సభ అయ్యేదాకా వాటిని అందులో ఉంచేవాళ్లు. ఆ లోయ క్వేకర్లు ఎలాంటివాళ్లో ఆ దడి ఒక్కటే చెబుతుంది. కుక్కని ఇంటి దగ్గర వదిలి రమ్మనలేదు, సభనీ చెడగొట్టుకోలేదు.

ఆదివారాన్ని వాళ్లు ‘మొదటి రోజు’ అనేవాళ్లు. వారాలకీ నెలలకీ పాత దేవతల పేర్లున్నాయని, వాటిని అంకెలతోనే పిలిచారు. వచ్చి కూర్చుంటారు. ఎవరూ మొదలుపెట్టరు. లోపలి నుంచి ఒత్తిడి వస్తే ఎవరైనా లేచి నాలుగు మాటలు చెబుతారు, ఆడైనా మగైనా. ఎవరికీ ఏమీ తోచకపోతే మౌనంగానే ముగుస్తుంది. పెళ్లికి పాదిరీ అక్కర్లేదు. వధూవరులు అందరి ముందు లేచి ఒకరికొకరు మాటిస్తారు. వచ్చినవాళ్లంతా ధ్రువపత్రం మీద సాక్షి సంతకం పెడతారు. పాలనా సభల్లో ఓట్లు ఉండవు. ఎక్కువమంది గెలవడం వాళ్లకి గెలుపు కాదు. అందరి మనసూ ఎటు మొగ్గిందో చూసి గుమాస్తా అప్పటికప్పుడే అక్కడే పుస్తకంలో రాసి చదువుతాడు. కప్పు మరమ్మతు, పేదరాలికి సాయం, అప్పు తీర్చని సభ్యుడికి మందలింపు, ఇవే ఆ పుస్తకాల నిండా. దేవుడి గురించి వాళ్లు రాసుకుంది తక్కువ, పక్కింటివాళ్ల గురించి రాసుకుంది ఎక్కువ.

ఆ 1675లోనే లండన్‌లో, దేశమంతటా క్వేకర్లకి జరుగుతున్న కష్టనష్టాలని నమోదు చేయడానికి ఒక సంఘం వేయాలని నిర్ణయించారు. ‘బాధల సభ’ అని దాని పేరు. ఎవరి ఆవు పోయింది, దాని విలువెంత, ఎవరు ఏ జైల్లో ఉన్నారు, అన్నీ రాసి పార్లమెంటు ముందు పెట్టేవాళ్లు. కన్నీళ్లని లెక్కల్లోకి మార్చి అడగడం వాళ్లకి తెలిసింది. 1689లో సహన చట్టం వచ్చింది. బ్రిగ్‌ఫ్లాట్స్ సభ అప్పుడు చట్టబద్ధమైంది, కట్టిన పద్నాలుగేళ్లకి.

అయినా తలుపులన్నీ తెరుచుకోలేదు. పదో వంతు గొడవ ఇంకా చాలాకాలం సాగింది. ప్రమాణాలు, మత పరీక్షలు అడ్డంగా ఉన్నాయి కాబట్టి ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ డిగ్రీలు వాళ్లకి అందవు, ప్రభుత్వ కొలువులు అందవు. మిగిలింది వ్యాపారం, చేతిపని, వైద్యం. వైద్యమంటే ఆ రోజుల్లో సగం మొక్కల విద్యే. ఇక్కడినుంచే ఈ కథ తోటలోకి నడుస్తుంది.

ఫాక్స్‌కి మొదటినుంచీ మొక్కల చదువు మీద గురి ఉంది. ఫిలడెల్ఫియాలో తనకి ఇచ్చిన భూమిలో మీటింగ్ హౌస్‌తో పాటు పిల్లలు మందుమొక్కలు గుర్తుపట్టడం నేర్చుకునే తోట కూడా ఉండాలని కోరాడు. తరువాతి తరంలో ఆ కోరికని గొప్పగా పండించినవాడు ఈ ప్రాంతపు బిడ్డే. జాన్ ఫాదర్‌గిల్ 1712లో పక్కనే ఉన్న వెన్స్‌లీ లోయలో క్వేకర్ ఇంట పుట్టాడు, సెడ్‌బర్ బడిలో చదువుకున్నాడు, మందుల దుకాణంలో పని నేర్చుకున్నాడు, ఎడిన్‌బరోలో వైద్యపట్టా తీసుకున్నాడు. లండన్‌లో పేరున్న వైద్యుడై, ఊరి అంచున అప్టన్‌లో తోట వేశాడు. అద్దాల ఇళ్లలో వేల జాతుల మొక్కలు పెంచాడు. అతని స్నేహితుడు పీటర్ కాలిన్‌సన్ బట్టల వ్యాపారి, క్వేకర్. అమెరికాలో జాన్ బార్‌ట్రమ్ అనే క్వేకర్ రైతు అడవులు గాలించి గింజలు, మొక్కలు పెట్టెల్లో సర్ది కాలిన్‌సన్‌కి పంపేవాడు. ఇంగ్లండు ధనికుల ఉద్యానవనాల్లో పూసిన ఎన్నో అమెరికా చెట్లు ఆ పెట్టెల్లో వచ్చినవే. ఇంట్లో బొమ్మ పెట్టుకోని, రంగు బట్ట కట్టని ఈ మనుషులకి పూల మీద ఇంత ప్రేమ ఏమిటని నేను చాలాకాలం ఆలోచించాను. పువ్వు మనిషి డాబు కోసం చేసుకున్నది కాదు కదా. వాళ్ల సాదాతనానికి దానితో పేచీ రాలేదు.

బ్రిగ్‌ఫ్లాట్స్ ముందున్న తోటని ఈ వెలుగులో చూడాలి. రాతి గోడ లోపల గడ్డి, దాని అంచున పూలమడులు. వేసవిలో తెల్ల గోడ ముందు రంగులన్నీ అక్కడే ఉంటాయి, లోపల ఒక్కటీ ఉండదు. మడుల్లో ఇప్పుడున్నవి 1675 నాటి మొక్కలు కావు. చేతులు మారుతూ, ఎవరి ఇష్టంకొద్దీ వాళ్లు నాటుతూ వచ్చిన తోట అది. కాస్త అవతల శ్మశానం. పాతకాలపు సమాధులకి రాళ్లే లేవు. తరువాత పెట్టినవి కూడా పొట్టివి, పేరూ తేదీ తప్ప మరేమీ ఉండదు. కవి బాసిల్ బంటింగ్ రాయి కూడా ఆ వరసలోనే ఉంది. ఈ పల్లె పేరుతోనే 1966లో దీర్ఘకావ్యం వెలువరించినవాడికి కూడా పక్కవాడికన్నా జానెడు ఎక్కువ రాయి దక్కలేదు. మనకి బాగా తెలిసిన వాస్తుశిల్పి లారీ బేకర్ కూడా క్వేకరే. కేరళలో పూత లేని ఇటుక గోడలతో ఆయన కట్టిన ఇళ్లు చూసినవాళ్లకి బ్రిగ్‌ఫ్లాట్స్ కొత్తగా అనిపించదు.

ఇక్కడ ఇప్పటికీ ఆదివారం సభ జరుగుతుంది. వెళ్లదలచుకున్నవాళ్లు వెళ్లి వెనక బల్ల మీద కూర్చోవచ్చు, క్వేకర్ కానక్కర్లేదు.

అయితే ఈ లోయవాళ్లు నిబ్బరంగా రాతి మీద ఏడాది చెక్కుకోగలగడానికి ఐదేళ్ల ముందు లండన్‌లో జరిగిన ఒక విచారణ కొంత దన్నుగా నిలిచిందని నా నమ్మకం. 1670 ఆగస్టులో గ్రేస్‌చర్చ్ వీధి మీటింగ్ హౌస్‌కి సైనికులు కాపలా పెడితే, నౌకాదళ అధిపతి కొడుకు విలియం పెన్ ఆ వీధిలోనే నిలబడి ప్రసంగించాడు. సెప్టెంబరులో బోనెక్కించారు. పన్నెండుమంది జూరీని తిండి, నీళ్లు, నిప్పు లేకుండా రాత్రుళ్లు బంధించి, దోషి అని తీర్పు చెప్పమన్నారు. ఆ జూరీలోని ఎడ్వర్డ్ బుషెల్, అతని తోటివాళ్లు ఏం జవాబిచ్చారో, ఆ జవాబు తరువాతి కాలపు న్యాయస్థానాలని ఎలా మార్చిందో వచ్చే భాగంలో.